బండి వంచి ఊపే ముందు ప్లగ్గు విప్పండి

బండి స్టార్ట్ కాకపోతే మా వైపు ఎవరైనా చేసే మొదటి పని, దాన్ని ఒక పక్కకు వంచి ఊపడం. ఆ తర్వాత చోక్ లాగి కిక్కు మీద నిలబడటం. అదీ అయ్యాక దారిన పోయేవాళ్లను పిలిచి తోయించడం. వీటికీ లొంగకపోతే ట్రాలీ ఆటోలో వేసుకొని కొండమల్లేపల్లి చౌరస్తాకు తీసుకుపోతారు. ఇక అక్కడ మెకానిక్ చెప్పిందే వేదం.

వంచి ఊపడాన్ని నేను మరీ తీసిపారేయను. పెట్రోల్ ట్యాంకు ఫ్రేమ్ పైపు మీద కూర్చోవాలి కాబట్టి దాని అడుగు మధ్యలో పైకి లేచి ఉంటుంది, రెండు పక్కలా లోతు ఉంటుంది. ఇంజన్‌కు పెట్రోల్ వదిలే కాక్ మాత్రం ఒక పక్కనే. పెట్రోల్ బాగా తగ్గినప్పుడు అవతలి పక్క మిగిలింది ఇటు రాలేదు. కాక్ వైపు వంచితే కాస్త జారుతుంది, దాంతో బంకు దాకా వెళ్లొచ్చు. అంటే ఇది ట్యాంకు ఖాళీ అయినప్పుడు మాత్రమే పనికొచ్చే ఉపాయం. నిండా పోయించుకొని వచ్చి ఊపితే చేతుల నొప్పి తప్ప ఏమీ మిగలదు.

మాది దేవరకొండ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఊరు. బత్తాయి తోట ఊరికి దూరం, మధ్యలో ఏఎమ్మార్పీ కాల్వ కట్ట మీద మట్టి బాట. తోట దగ్గర బండి మొరాయిస్తే నడిచి రావాల్సిందే, ఏ మెకానిక్కూ అంత దూరం రాడు. అందుకే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గును విప్పే ప్లగ్ స్పానర్ నా సీటు కింద ఎప్పుడూ ఉంటుంది. కొత్త బండితో ఇచ్చే టూల్ కిట్‌లో అది వస్తుంది గానీ, మా ఊళ్లో అడిగి చూడండి, ఒక్కరి దగ్గరైనా ఉంటే గొప్ప.

మొన్న వానలు తగ్గాక పక్క తోట తమ్ముడు బండి నెట్టుకుంటూ వచ్చాడు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ ఉన్న పాత వంద సీసీ బండి.

"అన్నా, కార్బొరేటర్ పోయిందట. మెకానిక్ కొత్తది ఎయ్యాలంటున్నడు."

"ప్లగ్గు ఇప్పి చూసిండా తమ్మీ?"

"ఏమో అన్నా. కిక్కు గొట్టి, చెవి పెట్టి ఇన్నడు."

చెవి పెట్టి వింటే కార్బొరేటర్ పోయిందో లేదో తెలిసే విద్య నాకు రాదు. నాకు తెలిసింది ఒకటే. ఇంజన్‌కు పెట్రోల్ రావాలి, ప్లగ్గుకు కరెంటు రావాలి, లోపల కంప్రెషన్, అంటే గాలి బిగువు, ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేదో ముందు తేల్చుకోవాలి, సామాను సంగతి తర్వాత. అది తేల్చడం మొదలయ్యేది ప్లగ్గు దగ్గరే. బాగా కిక్కులు కొట్టాక ప్లగ్గు విప్పండి. మొన తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తుంటే పెట్రోల్ అందుతున్నట్టే, ముందు కరెంటు చూడాలి. పొడిగా ఉంటే పెట్రోల్ దారిలో ఎక్కడో అడ్డం పడింది.

తమ్ముడి బండి ప్లగ్గు తడిసి కారుతోంది. కార్బొరేటర్ మార్చే మాట అక్కడికి ఆపేయించాను.

ప్లగ్గును గుడ్డతో తుడిచి, కరెంటు వైరు కొసనున్న రబ్బరు క్యాప్‌లో పెట్టి, దాని మరల భాగం ఇంజన్ రెక్కలకు ఆనించి కిక్కు కొట్టమన్నాను. పట్టపగలు ఎండలో నిప్పురవ్వ కనపడదు, తలమీద తువ్వాలు కప్పుకొని చూడాలి. నీలంగా, లావుగా, టక్ టక్‌మని కొడితే బాగున్నట్టు. ఇక్కడ ఎర్రటి సన్నటి పోగు ఒకసారి కనిపిస్తే రెండుసార్లు లేదు. నా దగ్గరున్న కొత్త ప్లగ్గు పెట్టినా అంతే. అంటే తప్పు ప్లగ్గులో లేదు.

ఇది చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ నుంచి వచ్చేది వేల వోల్టులు. తడి చేతులతో ముట్టుకోవద్దు, రబ్బరు క్యాప్ పట్టుకోవాలి. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి కిక్కు కొట్టినప్పుడల్లా పెట్రోల్ ఆవిరి ఎగచిమ్ముతుంది, నిప్పురవ్వను దానికి దూరంగా పెట్టాలి. ప్లగ్గు లోహం ఇంజన్‌కు ఆనకుండా ఊరికే గాల్లో పట్టుకొని కొట్టడం, రవ్వ ఎప్పుడు పడాలో చూసే సీడీఐ యూనిట్‌కు మంచిది కాదు.

తర్వాత క్యాప్‌నే మర తిప్పి వైరు నుంచి ఊడదీశాను. రబ్బరు పిడి కటింగ్ ప్లయర్‌తో వైరు పట్టుకొని, కొసను ఇంజన్‌కు వడ్లగింజంత దూరంలో పెట్టి కొట్టిస్తే నీలం రవ్వ చటుక్కున దూకింది. కాయిల్ బాగుంది, సీడీఐ బాగుంది. దొంగ క్యాప్‌లో ఉన్నాడు.

వైరు కొస చూస్తే రాగి పోగులన్నీ చిలుంపట్టి పచ్చగా ఉన్నాయి, రెండు పోగులు గిల్లితే పొడిగా రాలాయి. క్యాప్ లోపలి మర తుప్పు పట్టి ఉంది. చాలా బండ్ల ప్లగ్ క్యాప్‌లో చిన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది, మామూలుగా ఐదు వేల ఓమ్‌ల దరిదాపు. బోరు మోటారు స్టార్టర్ బాక్సు కోసం కొన్న మీటరు పెట్టి చూస్తే ముల్లు కదలనే లేదు, అంటే లోపల తెగిపోయింది. వైరు కొస అర అంగుళం కత్తిరిస్తే లోపల రాగి తళతళలాడుతోంది. నా బండి క్యాప్ విప్పి దానికి బిగిస్తే బండి అందుకుంది. కొత్త క్యాప్ ధర వంద లోపే.

క్యాప్‌లోకి నీళ్లు చేరబట్టే ఈ తుప్పు. అవి ఎలా చేరాయంటే, మందు కొట్టే పంపుతో బండి కడగడం మా దగ్గర అందరికీ అలవాటు. ఆ ధార ప్లగ్గు మీద పడితే క్యాప్ రబ్బరు ఎంత బిగువుగా ఉన్నా ఆగదు. తమ్ముడైతే ప్రతి ఆదివారం అదే పని. చెప్పాను, వింటాడని నమ్మకం లేదు.

ఒకవేళ ప్లగ్గు పొడిగా ఉంటే? కాక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, నవ్వకండి, సగం బండ్లు అక్కడే బాగవుతాయి. తర్వాత కార్బొరేటర్ గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ కాస్త వదులు చేసి, కారేది పారదర్శకమైన సీసాలో పట్టండి. ఏమీ కారకపోతే పైన ఎక్కడో అడ్డం. ట్యాంకు మూత తీసినప్పుడు ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం పూడింది. మా ఎర్రమట్టి దుమ్ముకు అది మామూలే. అలాంటి బండి స్టార్ట్ అయి కొంతదూరం పోయి ఆగుతుంది, కాసేపు నిలబెడితే మళ్లీ నడుస్తుంది.

సీసాలో అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లు. ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకొని కొంత దాకా తనలో కలుపుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్ కూడా వాటితోపాటు పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. వానాకాలమంతా చెట్టు కింద సగం ట్యాంకుతో నిలబెట్టిన బండి ఇలాగే మొండికేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోయడం తప్ప దారి లేదు.

చోక్ ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతే చాలాసార్లు కార్బొరేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రపు మర, స్లో జెట్, పూడుకుపోయినట్టే. దాన్ని విప్పి గాలి కొట్టించండి. లోపల సూది, ఇనుప తీగ దూర్చేవాళ్లున్నారు. జెట్ ఇత్తడిది, రంధ్రం కొంచెం పెద్దదైనా బండి ఇక పెట్రోల్ తాగుతూనే ఉంటుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగ మీద బీఎస్6 నిబంధన వచ్చాక వంద సీసీ బండ్లలోనూ చాలావాటికి కార్బొరేటర్ పోయి, పంపుతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. వాటికి ఈ గిన్నె, జెట్ల గొడవ లేదు. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర పంపు సన్నగా మోగాలి. మోగకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడాలి. అంతకు మించి నేను చెయ్యి పెట్టను.

పెట్రోలూ కరెంటూ రెండూ బాగుండి ఉలకకపోతే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కి కిక్కు కొట్టించండి. లోపలి గాలి వేలిని ఎగదన్నాలి. దన్నకపోతే ఆ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బిగువు పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల సంగతి. వాల్వును నొక్కే టాపెట్ మరీ బిగిసి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా అంతే, దానికి ఇంజన్ దించే పని లేదు, సర్దితే చాలు. కాబట్టి ఆయిల్ పోసినా బిగువు రాలేదని మెకానిక్‌కు చెప్పి, ముందు టాపెట్ చూడమనండి. హెడ్ విప్పాక మాట్లాడే బేరం మన చేతిలో ఉండదు.