పెట్టె కంటే ముందే ఊరు చేరిన మాటలు

కువైట్‌లో చనిపోయిన మనిషి శవపేటిక చెన్నై విమానాశ్రయంలో దిగేలోపే ఆయన చావుకు నాలుగు కారణాలు సిద్ధవటం మండలమంతా తిరిగేశాయి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కొట్టి చంపాడని ఒకటి. కల్తీ సారా తాగాడని మరొకటి. అప్పులవాళ్ల ఒత్తిడికి తట్టుకోలేక సముద్రంలో దూకాడని ఇంకొకటి. నాలుగోది భార్య చెవిన పడకూడని మాట. ఆమెకు అన్నిటికంటే ముందు చేరింది అదే. కువైట్‌లో ఆయన కాగితాల కోసం మొదటి రోజు నుంచీ తిరిగినవాణ్ని కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ పేరును ఊళ్లో ఇప్పటికే చాలినంత నలిపారు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. ఒంటిమిట్ట, సిద్ధవటం, రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో కువైట్‌తో సంబంధం లేని వీధి కనిపించడం కష్టం. ఆడవాళ్లు ఇంటిపనికి, మగవాళ్లు ఎక్కువగా ఇంటి డ్రైవర్లుగా వస్తారు. ఆయనా ఇంటి డ్రైవరే. పొద్దున్నే పిల్లలను బడిలో దించాలి, పగలంతా ఇంట్లోవాళ్లు ఎక్కడికంటే అక్కడికి తిప్పాలి, రాత్రి యజమాని దీవానియా (మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే కూటమి) ముగిసేదాకా బండిలోనే కాచుకోవాలి. నిద్ర ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. తిండి డ్రైవరు సీట్లోనే. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు కూడా వారానికొక సెలవు ఇవ్వాలంటుంది. ఆయనకు అది ఎప్పుడో ఒకసారి దొరికేది. దొరికినప్పుడు కువైట్ సిటీలోని మాలియాకు వచ్చి మన వాళ్లను కలిసేవాడు.

ఆ శుక్రవారం ముగ్గురు స్నేహితులతో కలిసి పడవలో ఫైలకా దీవికి వెళ్లాడు. కువైట్ తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి అది. ఒకప్పుడు గ్రీకులు ఇకారోస్ అని పిలిచిన చోటు, వాళ్లకంటే చాలా ముందు దిల్మున్ నాగరికత వెలిసిన చోటు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చి అక్కడి జనాన్ని ఖాళీ చేయించింది. యుద్ధం ముగిశాక కూడా వాళ్లు తిరిగి కాపురాలు పెట్టలేదు. ఇప్పుడు తూటాల గుర్తులతో నిలిచిన ఇళ్ల మధ్య జనం సెలవు రోజు గడిపి వస్తుంటారు. అక్కడ దిగిన ఫొటోలు రెండు ఆయన ఫోనులో ఉన్నాయి. కూలిన గోడ ముందు కొత్త చొక్కాతో నిలబడి నవ్వుతున్నాడు. అదే చొక్కా జేబులో తర్వాత గ్యాస్ మాత్రల పట్టీ దొరికింది. సగం మాత్రలు అయిపోయి ఉన్నాయి.

వారం నుంచి గ్యాస్ అంటున్నాడని స్నేహితులు చెప్పారు. ఛాతీ పట్టేసినట్టుందనేవాడు, ఎడమ భుజం లాగుతోందనేవాడు, మాత్ర వేసుకుని బండెక్కేవాడు. మన డ్రైవర్లలో ఛాతీ నొప్పికి గ్యాస్ తప్ప వేరే పేరు లేదు. ఆసుపత్రికి వెళ్లాలంటే యజమానిని అడగాలి, అడిగితే పనికి పనికిరాడనుకుంటారేమోనన్న భయం. దీవిలో అన్నం తిన్నాక గోడ నీడన కూర్చున్నాడు, చెమటలు పట్టాయి, పక్కకు ఒరిగాడు. పడవ దొరికి ఒడ్డుకు చేర్చేసరికి ప్రాణం లేదు.

పుకార్లు ఎక్కడ మొలిచాయో నాకు బాగా తెలుసు. ఆసుపత్రి బయట ఇలాంటి చావు జరిగితే వెంట ఉన్నవాళ్లను పోలీసులు అడుగుతారు, వాంగ్మూలం తీసుకుంటారు. ఎక్కడైనా జరిగేదే. ఆ ముగ్గురి ఫోన్లు కూడా చూడటానికి తీసుకున్నారు. రెండు రోజులు వాళ్లు ఎవరికీ దొరకలేదు. అంతే, ముగ్గురినీ జైల్లో వేశారని ఊళ్లో చెప్పుకున్నారు. జైల్లో వేశారంటే ఏదో చేసే ఉంటారు. సారా సంగతీ అలాగే పుట్టింది. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు, అందులో మన దేశస్థులూ ఉన్నారు. ఆ వార్త అందరి మనసుల్లో పచ్చిగా ఉంది. దీవి, స్నేహితులు, సెలవు రోజు అనగానే మిగతాది జనమే కలుపుకున్నారు. ఆయన జన్మలో మద్యం ముట్టని మనిషి.

ఆసుపత్రి ఇచ్చిన మొదటి చీటీ పుకార్లకు ఇంకా చోటిచ్చింది. గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం అని రాసి ఉంది. చావు ఏదైనా చివరికి ఆగేవి ఆ రెండే. ఎందుకు ఆగాయన్నది కదా కావలసింది! ఫోరెన్సిక్ వాళ్ల నివేదిక వచ్చాకే గుండె రక్తనాళం మూసుకుపోయిందని తేలింది. దానికి వారం పట్టింది. శుక్ర, శనివారాలు ఆఫీసులకు సెలవు. ఆ తర్వాత మరణ ధ్రువపత్రం, యజమాని సంతకం, రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు రద్దు, శవం చెడకుండా చేసే ప్రక్రియ, విమానంలో చోటు. ప్రతి మెట్టు దగ్గరా ఒక రోజు. ఇక్కడ మేము వరుసలో నిలబడిన ప్రతి రోజునూ అక్కడ ఏదో దాస్తున్నారన్న లెక్కలో రాసుకున్నారు.

పెట్టె బయలుదేరిన రాత్రి ఆయన భార్య తమ్ముడికి ఫోను చేశాను. ఆ మాటలు చెప్పడం నాకు చాలా కష్టమైంది, కానీ చెప్పాలి. "తమ్ముడూ, వీపు మీద ఊదా రంగు మచ్చలు కనిపిస్తాయి. కొట్టిన దెబ్బలు కావు. మనిషి పోయాక రక్తం కదలదు, పడుకోబెట్టిన వైపుకు దిగి చర్మం కింద నిలిచిపోతుంది. ఛాతీ నుంచి పొట్ట దాకా కుట్లుంటాయి, అవి పోస్ట్‌మార్టం కుట్లు. మెడ పక్కన చిన్న గాటు, దానికీ కుట్లుంటాయి. శవం చెడకుండా మందు ఎక్కించాలంటే పెద్ద రక్తనాళం ద్వారానే ఎక్కించాలి, అందుకు కోసింది." ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఇదంతా నాకు కాగితం మీద రాసి పంపు" అన్నాడు. రాసి ఫొటో తీసి పంపాను.

చెన్నై నుంచి అంబులెన్సు రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా ఊరు చేరింది. పెట్టె తెరిచిన అరగంటలో ఎవరో మెడ ఫొటో తీసి పంపారు. గొంతు కోశారని, కిడ్నీలు తీసుకున్నారని రాశారు. ఆ ఫొటో తిరిగి కువైట్‌లో నా ఫోనుకే వచ్చింది. చనిపోయిన మనిషి మెడను అలా దగ్గరగా ఫొటో తీసిన చేతులు ఎవరివో గాని, నాకు ఈ రోజుకీ కోపం తగ్గలేదు. తమ్ముడు మాత్రం నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడట. కొందరు నమ్మారు. కొందరు తలలూపి, వాకిలి దాటాక పాత మాటే మాట్లాడారు.

పుకారుతో మనసు బాధపడటమే కాదు, డబ్బూ ముడిపడి ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. గుండెపోటును ప్రమాదం కింద లెక్కించరు. కాబట్టి హత్య అని కేసు పెట్టమని, పెడితే లక్షలొస్తాయని కొందరు పెద్దమనుషులు ఆమె వెంట పడ్డారు. ఆమె ఫోను చేసి, "అన్నా, నిజంగా ఎవరైనా ఏమైనా చేశారా? పిల్లల మీద ఒట్టేసి చెప్పు" అని అడిగింది. ఫోరెన్సిక్ నివేదికను తెలుగులో చదివి వినిపించాను. గ్యాస్ మాత్రల సంగతీ చెప్పాను. "నాతోనూ గ్యాసే అన్నాడు" అంది. కేసు వద్దనుకుంది.

నాకు మింగుడుపడని విషయం ఇంకొకటుంది. ఆయన ఎలా చనిపోయాడని అడిగినవాళ్లకు లెక్కలేదు. ఆయనకు రావలసింది ఎంతని అడిగినవాడు ఒక్కడూ లేడు. ముందు చెప్పిన 2015 చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చివర్లో ఇవ్వాలి. ఆఖరి నెలల జీతం కూడా బాకీ ఉంది. యజమాని ఇస్తానంటాడు, తేదీ చెప్పడు. ఆమె నా పేర రాసిచ్చిన అధికార పత్రాన్ని అరబ్బీలోకి మార్పించి ఫిర్యాదు పెట్టాను. ఆదివారం మళ్లీ ఆ ఆఫీసుకు రమ్మన్నారు.