ఆరుగురు నర్సులం, ఒక పొడవాటి పగలు

2023 జూన్ చివర్లో మా ఆసుపత్రి నుంచి ఆరుగురు నర్సులం కెనడా బయల్దేరాం. జూలై 1 నుంచి 5 దాకా మాంట్రియల్‌లో అంతర్జాతీయ నర్సుల మండలి మహాసభ. 1899 నుంచి ఉన్న సంస్థ అది. ఐసీయూలో రోగులకు పడకపుండ్లు రాకుండా మేం చేస్తున్న పని మీద ఒక పోస్టరు పెట్టుకునే అవకాశం మాకు వచ్చింది. పోస్టరును గుడ్డ మీద ప్రింటు చేయించి, చీరలా మడిచి, మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ తన చేతిసంచిలోనే పెట్టుకున్నారు. దారి పొడుగునా ఆ సంచిని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మేడమ్ కాక, ఐసీయూ నుంచి నేనూ నాకంటే బాగా చిన్నదైన ఒక చెల్లీ, డయాలసిస్ అక్క, ఆపరేషన్ థియేటర్ సిస్టర్, లేబర్ రూమ్ చేచి. చేచి అంటే మలయాళంలో అక్క. ఆమెది కేరళలోని కొట్టాయం. హైదరాబాద్‌లో స్థిరపడి ఎన్నో ఏళ్లయింది. పురిటి నొప్పులు పడే ఆడపిల్లలను తెలుగులోనే గదమాయిస్తుంది, తెలుగులోనే లాలిస్తుంది. పెళ్లికి ముందు గల్ఫ్‌లో పనిచేసింది కాబట్టి మాలో విమానం అలవాటున్నది ఆమెకే.

శంషాబాద్ నుంచి దోహా దాకా నాలుగు గంటలు. తెల్లవారుజామున ఎక్కిన ఆ విమానం నిండా జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు మగవాళ్లే. సెలవుకు వచ్చి తిరిగి పనిలోకి పోతున్నవాళ్లు కొందరు, మొదటిసారి పోతున్న కుర్రాళ్లు కొందరు. సీటు దొరకగానే తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. దోహా విమానాశ్రయం మధ్యలో ఏడు మీటర్ల ఎత్తు పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. దాని ముందు ఫొటో దిగి గేటు దగ్గరికి పరుగెత్తాం.

రెండో విమానం జనం వేరు. ఎక్కువగా అమ్మానాన్నలు. కూతురి పురిటికో, మనవణ్ణి చూసుకోవడానికో పోతున్నవాళ్లు. చాలామంది ఆడవాళ్లు ఒంటరిగానే వచ్చారు. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, పిల్లల ఫోన్ నంబరు రాసిన కాగితం ఉన్న పౌచ్‌ను మెడలో వేసుకుని, మాటిమాటికీ తడుముకుంటున్నారు.

విమానం ఉదయం ఎనిమిదింటికి లేచింది. పదమూడు గంటల ప్రయాణం. అయినా మాంట్రియల్‌లో దిగేసరికి అక్కడ మధ్యాహ్నం రెండే. ఈ లెక్క చెల్లికి ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి ఎదురుగా ఉన్న తెర మీద మ్యాపు చూపిస్తూ చెప్పాను. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ అది తగ్గుతుంది. 55 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి 950 చిల్లర. మన విమానం పడమటికి ఇంచుమించు 900 వేగంతో పోతోంది. అందుకే పొద్దు కదలనట్టే ఉంటుంది. నైట్ డ్యూటీలతో రాత్రిని పగలు చేసుకుని బతికేవాళ్లం మేం. పగలు ఇంతసేపు ఆగిపోవడం మాకూ కొత్తే.

కాసేపటికి ట్రేలు వచ్చాయి. మధ్య వరసలో ముందు ముగ్గురం, వెనక ముగ్గురం. ఆరుగురి ముందూ ఒకేసారి భోజనం. మూత తీసిన డయాలసిస్ అక్క చెయ్యి ఆగిపోయింది. ‘మనమందరం ఒకేసారి తినడం ఎప్పుడైనా జరిగిందా?’ అంది. ఆలోచిస్తే జరగలేదు. వార్డులో ఒకరు తింటుంటే ఇంకొకరు ఫ్లోర్ మీద ఉండాలి. పెళ్లిళ్లకు, సీమంతాలకు కూడా సగం మంది పోతే సగం మంది డ్యూటీలో ఉంటాం. ఒకరి డబ్బాలో కూర ఇంకొకరికి దాచిపెట్టడం తెలుసు, ఎవరికి పచ్చిమిరపకాయ పడదో తెలుసు, పక్కన కూర్చుని తినడం మాత్రం తెలియదు. ఇన్నేళ్ల స్నేహంలో ఇంత పెద్ద లోటు ఉందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. మేడమ్ ఏమీ అనలేదు గానీ, అందరి ట్రేలు తెరుచుకునేదాకా ఆగి అప్పుడు చెంచా ముట్టుకున్నారు.

శాకాహారులు టికెట్ తీసుకునేటప్పుడే ఒక విషయం చూసుకోవాలి. చాలా విమాన సంస్థల్లో ‘హిందూ మీల్’ అంటే గొడ్డుమాంసం లేని మాంసాహారం. శాకాహారం కావాలంటే ‘ఏషియన్ వెజిటేరియన్’ అని అడగాలి. థియేటర్ సిస్టర్‌కు కోడికూర వచ్చింది. చేచి తన పప్పన్నం ఆమెకు ఇచ్చి అది తీసుకుంది.

తిన్నాక చెల్లి సంచిలోంచి, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్ తీసింది. విమానం ముప్పై ఎనిమిది వేల అడుగుల మీద ఎగురుతున్నా లోపలి గాలిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. ఊటీ 7,350 అడుగులు. అంటే అందరం పదమూడు గంటలు ఊటీలో కూర్చున్నట్టే, అందులోనూ తేమ లేని ఊటీలో. కింద 98, 99 చూపించే మా వేళ్లు అక్కడ 94, 93 చూపించాయి. చేచికి 92. వార్డులో ఈ అంకె చూస్తే ఆక్సిజన్ కోసం చూస్తాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ ఎత్తులో అది మామూలే.

నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతుల్లో ఇది ఆరు వేల మందిలో ఒకరికి. చిన్న అంకే. కానీ ఆ ఒక్కరు స్ట్రెచర్ మీద వచ్చినప్పుడు చూసినవాళ్లం కాబట్టి మాకు చిన్నగా అనిపించదు. మేడమ్ ఫోన్లో రెండేసి గంటలకు అలారం పెట్టారు. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాం, మా పోస్టరులో ఉన్నదీ అదే. అలారం మోగగానే అందరం లేచి వెనక్కి నడిచి, మడమలు ఎత్తి దించి, గ్లాసు నీళ్లు తాగి వచ్చేవాళ్లం.

మూడో అలారానికి ఇంకా టైముంది. కిటికీలన్నీ మూయించారు, బయట పట్టపగలు, లోపల చీకటి. ముందు బాత్రూముల దగ్గర దబ్బున చప్పుడైంది. వెంటనే మైకులో, డాక్టర్లు గానీ నర్సులు గానీ ఉంటే రమ్మని పిలుపు. ఆరుగురమూ ఒక్కసారే లేచాం. మేడమ్ చెయ్యి చూపించి ముగ్గురిని ఆపేశారు. ఆ ఇరుకు దారిలో ఎక్కువమంది గుమిగూడితే గాలి కూడా ఆడదు.

అరవై అయిదు దాటిన పెద్దమ్మ. నేత చీర, మెడలో పౌచ్. చెమటతో ఒళ్లు చల్లబడింది, పిలిస్తే మాత్రం కళ్లు తెరుస్తోంది. పడుకోబెట్టి కాళ్ల కింద దుప్పట్ల కట్ట పెట్టాం. సిబ్బంది ఆక్సిజన్, మెడికల్ కిట్ తెచ్చారు. స్టెతస్కోపు పెడితే ఇంజను హోరు తప్ప ఏమీ వినపడదు. అలాంటి చోట వేళ్లనే నమ్ముకోవాలి. మణికట్టు మీద నాడి పట్టుకుని, జబ్బకు చుట్టిన బీపీ కఫ్‌లో గాలి నింపుతూ పోతే ఒకచోట నాడి ఆగిపోతుంది. మెల్లగా గాలి వదులుతుంటే మళ్లీ ఎక్కడ వేలికి తగులుతుందో అదే పై బీపీ. కింది అంకె ఈ పద్ధతిలో తెలియదు. నాకు 80 దగ్గర తగిలింది. సందేహం వచ్చి చేచి చేత కూడా చూపించాను. ఆమె కూడా అదే చెప్పింది. షుగరు 96.

పిల్లల డాక్టరు ఒకాయన వెనక నుంచి వచ్చి అంతా చూశారు. ‘మీరు చేస్తున్నది సరిగ్గానే ఉంది, కానివ్వండి’ అని పక్కనే నిలబడ్డారు. క్యాబిన్ సూపర్‌వైజర్ నేల మీది డాక్టర్లతో ఫోన్లో మాట్లాడుతోంది. మ్యాపులో విమానం స్కాట్లండ్ దగ్గర పడుతోంది. ఆ తర్వాత సముద్రమే. దిగాలంటే ఇప్పుడే చెప్పాలి. చెప్పే ముందు, ఆమె ఎందుకు పడిపోయిందో మాకు తెలియాలి.

‘అమ్మా, నీళ్లు తాగావా?’ అని అడిగాను.

‘లేదు బిడ్డా. నీళ్లు తాగితే మాటిమాటికి బాత్రూముకు పోవాలె గద. నడిమిట్ల సీటు, పక్కోళ్లను ఎన్నిసార్లని లేపుత? ఆ తలుపు ఎట్ల తీస్తరో గూడ ఎరుక లేదు.’

ఈలోగా చెల్లి ఆమె సంచిలోంచి గోలీల పట్టీ తెచ్చింది. బీపీ మాత్రలు. ఈ రోజు వేసుకున్నావా అంటే, వేసుకున్నానంది. ఎన్ని అని అడిగింది చేచి. అది అడగాలని నాకు తోచలేదు.

‘మొదటి విమానంల టిఫిన్ పెట్టిండ్రు, తిని ఒకటి ఏసుకున్న. ఇండ్ల ఎక్కినంక మళ్ల టిఫిన్ పెట్టిండ్రు. ఇంకో పొద్దు తెల్లారిందనుకొని ఇంకోటి ఏసుకున్న.’

ఒంట్లో నీళ్లు లేవు, పైన రెండు మోతాదుల మందు. కారణం దొరికింది. స్పృహ పూర్తిగా వచ్చాక ఓఆర్‌ఎస్ చెంచాలతో మొదలుపెట్టి గుక్కలకు వచ్చాం. 80 కాస్తా 90 అయింది, అరగంటకు 104. డాక్టరుగారు, నేల మీది డాక్టర్లు మాట్లాడుకుని ముందుకు పోవచ్చన్నారు. ఆమెను సిబ్బంది సీట్ల దగ్గర ఖాళీ వరసలో పడుకోబెట్టారు. మేడమ్ నాప్‌కిన్ మీద డ్యూటీ వేశారు, గంటకొకరం. నా వంతులో ఆమెను చెయ్యిపట్టి బాత్రూము దాకా నడిపించాను. ఆ మడత తలుపు మధ్యలో అరచేత్తో నెడితే లోపలికి ముడుచుకుంటుంది. గడియ జరిపితే గానీ లైటు పూర్తిగా వెలగదు. మీట నొక్కగానే పెద్ద చప్పుడు వస్తుంది, భయపడక్కర్లేదు. మూడుసార్లు ఆమె చేతే తీయించి, వేయించాను. నాలుగోసారి ‘నువ్వు బయట ఉండు బిడ్డా, నేను పోతా’ అంది.

పిల్లలు టికెట్ కొంటారు, వీల్‌చెయిర్ పెట్టిస్తారు, దిగాక ఎవరికి ఏం చూపించాలో పదిసార్లు చెప్తారు. బాత్రూము తలుపు ఎలా తీయాలో చెప్పడానికి మొహమాటపడతారు, లేదా అసలు తోచదు. దయచేసి చెప్పండి. నడవా పక్క సీటే తీసుకోండి, డబ్బు ఎక్కువైనా సరే. మందులు ఏ గంటకు వేసుకోవాలో డాక్టర్ని అడిగి, ఇండియా టైము ప్రకారం చీటీ రాసివ్వండి. ఒక చేతిగడియారం ఇండియా టైములోనే ఉంచి చేతికి కట్టండి. టిఫిన్ ఎన్నిసార్లు పెట్టినా ఆ గడియారాన్నే చూడమనండి.

లాబ్రడార్ తీరం వచ్చేసరికి తలుపు దగ్గరున్న చిన్న కిటికీలోంచి చూశాను. సముద్రం మీద తెల్లటి చుక్కలు, మంచుకొండలని సిబ్బందిలో ఒకమ్మాయి చెప్పింది. ఆ తర్వాత లెక్కలేనన్ని చెరువులు, మనిషి జాడ లేని నేల. చేచిని కూడా పిలిచాను. ఇద్దరం ఒకే అద్దానికి తలలు ఆనించి చాలాసేపు చూశాం. క్విబెక్ మీదికి వచ్చేసరికి చెరువులు మసకబారాయి. పొగ. ఆ వేసవిలో కెనడా అడవులు తగలబడుతున్నాయి. ఏడాది ముగిసేసరికి కోటిన్నర హెక్టార్లకు పైగా కాలిపోయాయి. మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందు, జూన్ 25న, ప్రపంచంలోని పెద్ద నగరాల్లో అత్యంత చెడ్డ గాలి మాంట్రియల్‌దేనని లెక్క తేలింది. చెల్లి అందరికీ మాస్కులు పంచింది. మళ్లీ ఇవి కట్టుకోవాల్సి వస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

దిగాక పెద్దమ్మ వీల్‌చెయిర్ వెంట నడిచి, బయట ఎదురుచూస్తున్న కూతురికి ఆమెను అప్పగించాం. ఏ గంటకు బీపీ ఎంత, షుగరు ఎంత, ఎన్ని నీళ్లు పట్టాం, ఏ మాత్ర రెండుసార్లు పడింది, అన్నీ వరసగా రాసిన కాగితం థియేటర్ సిస్టర్ ఆమె చేతిలో పెట్టి, చదివి వినిపించి, ఈ రోజే డాక్టరుకు చూపించమంది. కూతురు ఏడుస్తుంటే పెద్దమ్మే ఆమెను ఊరుకోబెట్టింది.

ఊళ్లోకి పోయే బస్సు నంబరు 747. అందరం వెనక సీట్లలో సర్దుకున్నాం. ఫోన్లకు సిగ్నల్ వచ్చింది. మనకప్పుడు అర్ధరాత్రి దాటి రెండు గంటలు. మేడమ్ ముందు వార్డుకు చేశారు. నైట్‌లో ఎవరెవరున్నారు, కొత్త కేసులేమైనా వచ్చాయా అని కనుక్కుని, ‘ఆరో బెడ్‌కు రెండింటి టర్నింగ్ అయిందా?’ అని అడిగారు. అయింది మేడమ్, ఎడమ పక్కకు తిప్పాం అని అటునుంచి జవాబు వచ్చాక ఇంటికి చేశారు. బెరి అనే స్టాపులో సామాన్లు దించుకుని, మహాసభ రిజిస్ట్రేషన్ ఇవాళే తెరిచి ఉంటుందేమో కనుక్కుందామని అటు నడిచాం.