స్ట్రైకౌట్‌కి ‘కె’ ఎలా వచ్చింది?

బేస్‌బాల్ స్కోర్‌షీట్ చదవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ముందు ‘కె’ దగ్గర ఆగిపోతారు. స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లు, అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన లేదా వదిలేసిన మంచి బంతులు, పడి ఔటవడం) అయితే ‘ఎస్’ ఉండాలి కదా? దీనికి తరచూ వినిపించే జవాబు: శాక్రిఫైస్‌కి (బ్యాటర్ తాను ఔటైనా రన్నర్‌ని ముందుకి జరపడానికి) ‘ఎస్’ అప్పటికే ఇచ్చేశారట, అందుకని ఇది ‘కె’ అయిందట. వినడానికి బాగానే ఉంది, తేదీలే కుదరవు. ‘కె’ 1861లోనే అచ్చయింది. శాక్రిఫైస్‌ని అధికారికంగా లెక్కపెట్టడం 1880ల చివర్లో గానీ మొదలుకాలేదు.

‘కె’ పెట్టింది హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, క్రికెట్ విలేకరిగా పనిచేస్తూ బేస్‌బాల్‌కి మళ్ళినవాడు. ఆయన పట్టికలో ఏ, బి, సి వరుసగా మూడు బేస్‌లకి. హోమ్, రన్ ఔట్, టిప్ (బ్యాట్‌కి కొద్దిగా రాసుకుపోయిన బంతి) అనే మాటలకి మొదటి అక్షరాలే. గాల్లో పట్టిన క్యాచ్‌కి, అంటే ఫ్లైకి, ‘ఎఫ్’. దాంతో ఫౌల్‌కి (గీతల బయటికి పోయిన బంతికి) ‘ఎఫ్’ మిగల్లేదు, చివరి అక్షరం ‘ఎల్’ తీసుకున్నాడు. బంతి ఒకసారి నేలకి తగిలి లేచాక పట్టుకున్నా ఆ రోజుల్లో ఔటే. దాని పేరు బౌండ్. ‘బి’ రెండో బేస్ కింద పోయింది కాబట్టి బౌండ్‌కీ చివరి అక్షరం ‘డి’. స్ట్రక్ ఔట్‌లోని స్ట్రక్ అనే మాటకీ అదే పద్ధతిలో ‘కె’. తమాషా ఏమిటంటే ఆ పట్టికలో ‘ఎస్’ ఖాళీగానే ఉంది! ఆ మాటతో కలిపి గుర్తుపెట్టుకోవడానికి ‘ఎస్’ కన్నా ‘కె’ సులువని ఆయన లెక్క. పలికి చూస్తే నిజమే, చెవిలో నిలిచేది ఆ చివరి దెబ్బే.

పాత షీట్లు చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక. అందులో ‘ఎల్ ఎఫ్’ కనబడితే లెఫ్ట్ ఫీల్డ్ అనుకోకండి, గాల్లో పట్టిన ఫౌల్ అది. మామూలు బంతికి బౌండ్ ఔట్ 1865 సీజన్ నుంచి పోయింది, ఫౌల్‌కి మాత్రం 1880ల దాకా సాగింది. ఆ తర్వాత ‘డి’కి పని లేకుండా పోయింది. పాత మ్యాచ్‌ల వివరాలు సేకరించే రెట్రోషీట్ అనే సంస్థ 1989లో మొదలైంది. వాళ్ళ సంకేతాల్లో ‘డి’ అంటే డబుల్ (రెండు బేస్‌ల హిట్), ‘ఎస్’ అంటే సింగిల్ (ఒక బేస్ హిట్), ‘డబ్ల్యూ’ అంటే వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే దొరికే ఫస్ట్ బేస్). ‘కె’ని మాత్రం వాళ్ళూ కదపలేదు.

అంకెల సంగతి వేరు. చాడ్విక్ పద్ధతిలో ఫీల్డర్ అంకె అతని బ్యాటింగ్ వరుసని బట్టి ఉండేది, అంటే మ్యాచ్ మ్యాచ్‌కీ మారేది. ఇప్పుడు స్థానాన్ని బట్టి: పిచర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక పట్టేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండేవాడు) 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. 6-4-3 అంటే షార్ట్‌స్టాప్ ఆపి సెకండ్ బేస్‌మన్‌కి, అతను ఫస్ట్‌కి విసిరిన డబుల్ ప్లే, అంటే ఒకే ఆటలో ఇద్దరు ఔట్. ఇక్కడ రెండు తప్పులు ఎక్కువ. ఒకటి, జెర్సీ మీది అంకె రాసేయడం. రెండోది, థర్డ్ బేస్‌మన్ జరిగి వేరేచోట నిలబడితే అంకె కూడా మార్చేయడం. ఎక్కడ నిలబడినా అతను 5 కిందే లెక్క.

అసలు చిక్కు మూడో స్ట్రైక్‌ని క్యాచర్ వదిలేసినప్పుడు. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే బ్యాటర్ పరుగెత్తవచ్చు. క్యాచర్ ఫస్ట్‌కి విసిరి ఔట్ చేస్తే ‘కె 2-3’ రాయాలి. పుటౌట్ (ఔట్ పూర్తిచేసిన లెక్క) ఫస్ట్ బేస్‌మన్‌ది, అసిస్ట్ (దానికి సాయపడిన లెక్క) క్యాచర్‌ది, స్ట్రైకౌట్ పిచర్‌ది. వైల్డ్ పిచ్ (క్యాచర్ ఆపలేనంత అడ్డదిడ్డంగా విసిరిన బంతి) వల్ల బ్యాటర్ బేస్ చేరితే ‘కె డబ్ల్యూపి’. అప్పుడూ స్ట్రైకౌట్ పిచర్ ఖాతాలో పడుతుంది, ఔట్ మాత్రం లేదు. చెయ్యి అలవాటు కొద్దీ ఔట్ అంకె వేసి సున్నా చుట్టేస్తుంది, అక్కణ్ణుంచి ఇన్నింగ్స్ అంతా తప్పే. మూడు ఔట్లకే ముగిసే ఒకే ఇన్నింగ్స్‌లో పిచర్‌కి నాలుగు స్ట్రైకౌట్లు వచ్చేది కూడా ఇలాగే. బ్యాట్ ఊపకుండా నిలబడి ఔటైతే ‘కె’ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు.

మ్యాచ్ అయ్యాక షీట్ సరిచూసుకోవాలి. ఒక జట్టు బ్యాటర్లు ప్లేట్ దగ్గరికి వచ్చిన మొత్తం సార్లు ఒకవైపు. ఆ జట్టు రన్లు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్ళు, అవతలి జట్టు పుటౌట్లు కలిపి రెండోవైపు. రెండూ సమానం కావాలి. 2020 నుంచి మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్‌లో ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్తే సెకండ్ బేస్ మీద ఊరికే ఒక రన్నర్‌ని నిలబెడుతున్నారు. అతను బ్యాటింగ్ చేసి వచ్చినవాడు కాదు కాబట్టి, అలాంటి ప్రతి ఇన్నింగ్స్‌కీ మొదటివైపు ఒకటి కలుపుకోవాలి. ఇంత చేసినా తేడా వస్తే ఎక్కడో తప్పు రాసినట్టో, ఒక గడి నింపకుండా వదిలేసినట్టో. న్యూయార్క్ యాంకీస్ జట్టు వ్యాఖ్యాత ఫిల్ రిజుటో అలా వదిలేసే గడికీ ఒక గుర్తు పెట్టుకున్నాడు: ‘డబ్ల్యూ డబ్ల్యూ’, అంటే ‘వాజంట్ వాచింగ్’, నేను చూడలేదు అని.