'చంపేశా' అన్న ఒక్క మాట దగ్గర

మే నెలలో ఒక సాయంత్రం హైదరాబాద్ ఏజెన్సీ నుంచి ఫైల్ వచ్చింది. 98 నిమిషాల సినిమా, పది రోజుల గడువు. పేరు 'పార్టీ మాన్‌స్టర్', 2003లో వచ్చింది. నేను కర్నూల్లో ఇంట్లోనే కూర్చుని ఇంగ్లీషు సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. అప్పటికి నాలుగేళ్ళుగా అదే పని. నాకు ఎక్కువగా వచ్చేవి వంటల కార్యక్రమాలు, పిల్లల బొమ్మల సినిమాలు. నిజంగా జరిగిన హత్య మీద తీసిన సినిమా నా చేతికి రావడం అదే మొదలు.

ఏ సినిమా అయినా మొదట కీబోర్డు ముట్టుకోకుండా ఒకసారి చివరిదాకా చూస్తాను. ఇదీ అలాగే చూశాను. మైఖేల్ అలిగ్ అనే కుర్రాడు ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ నుంచి న్యూయార్క్ వస్తాడు. మన ఆదోని పిల్లాడు బెంగళూరు చేరినట్టు అనుకోండి. అక్కడ రాత్రి క్లబ్బుల్లో రంగురంగుల వేషాలు వేసుకుని తిరిగే 'క్లబ్ కిడ్స్' గుంపుకి నాయకుడవుతాడు. పాత చర్చిలో పెట్టిన లైమ్‌లైట్ అనే క్లబ్బులో ప్రతి బుధవారం రాత్రి అతను నడిపిన 'డిస్కో 2000' పార్టీకి జనం విరగబడేవారట. టీవీ వాళ్ళు కూడా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత మత్తుమందులు. 1996 మార్చి 17న అతనూ, ఫ్రీజ్ అనే ఇంకొకడూ కలిసి ఏంజెల్ మెలెండెజ్‌ని చంపారు. డబ్బు గొడవ. శవాన్ని ముక్కలు చేసి, పెట్టెలో పెట్టి హడ్సన్ నదిలో పడేశారు. ఏంజెల్ కూడా ఆ క్లబ్బుల మనిషే, అక్కడ మత్తుమందులు అమ్మేవాడు. కొలంబియాలో పుట్టాడు. వీపుకి తెల్లటి రెక్కలు కట్టుకుని తిరిగేవాడు.

సినిమా అయిపోయాక చాలాసేపు ఇయర్‌ఫోన్స్ తీయలేదు. మైఖేల్‌గా వేసింది మకాలే కల్కిన్. చిన్నప్పుడు 'హోమ్ అలోన్'లో మనమందరం చూసిన ఆ తెల్ల పిల్లాడే. తొమ్మిదేళ్ళు సినిమాలకు దూరంగా ఉండి దీనితో తిరిగొచ్చాడు. అతను నవ్వితే మనకీ నవ్వొస్తుంది. ఆ సంగతే నన్ను భయపెట్టింది.

ఇక పని. సబ్‌టైటిల్ రాయడమంటే అనువాదం ఒక్కటే కాదు. తెర మీద రెండు లైన్లు, లైనుకి 42 అక్షరాలు. ఇది నాకిచ్చిన నియమం. కానీ మెషిన్ లెక్కా మన కంటి లెక్కా ఒకటి కాదు. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు. వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేస్తుంది. 'క్లబ్ కిడ్స్' అని రాస్తే మధ్యలో ఖాళీతో కలిపి పన్నెండు పోయాయి. ఇందులో జనం గడగడా మాట్లాడతారు, ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. వాళ్ళు చెప్పిందంతా రాస్తే చూసేవాళ్ళు చదవలేరు, కొంత వదిలేస్తే కథ కుంటుతుంది. మొదటి రెండు రోజులూ ఇరవై నిమిషాల సినిమా కూడా దాటలేదు. పైగా మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాన్ లేకుండా, ల్యాప్‌టాప్ వేడి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కర్నూలు మే నెల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు.

నువ్వు, మీరు దగ్గర మొదటి చిక్కు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. క్లబ్బు యజమాని పీటర్ గేషన్, ఒక కంటికి నల్ల పట్టీ కట్టుకుని ఉంటాడు. మైఖేల్ అతన్ని ఎలా పిలవాలి? ముందు 'మీరు' అనిపించాను. పని అడుక్కోవడానికి వచ్చిన కుర్రాడు కదా. తర్వాత తర్వాత గేషన్ అతనికి తండ్రిలాగా అయిపోతాడు, మైఖేల్ చనువు తీసుకుంటాడు. అక్కడి నుంచి 'నువ్వు' చేశాను. మొదట్నుంచీ ఏదో ఒకటే ఉంచమని ఏజెన్సీలో ఫైల్ సరిచూసే ఆవిడ గుర్తు పెట్టి పంపింది. ఫోన్ చేసి చెప్పాను, "మేడమ్, మన ఇళ్ళల్లో కూడా మీరు అనడం ఆపి నువ్వు అన్న రోజు గుర్తుంటుంది కదా" అని. ఒప్పుకుంది.

రెండోది ఇంకా పెద్దది. ఆ క్లబ్బుల్లో ఉన్నవాళ్ళలో చాలామంది గే కుర్రాళ్ళు, ఆడవేషం వేసేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు ఎగతాళి మాటలతోనే ముద్దుగా పిలుచుకుంటారు. బయటివాడు అదే మాట అంటే తిట్టు. తెలుగులో ఇలాంటివాళ్ళకు మన సినిమాలు అలవాటు చేసిన మాటలు మీకు తెలుసు. ఒక్కటి కూడా వాడకూడదనుకున్నాను. వాళ్ళలో వాళ్ళు పిలుచుకునేచోట 'ఒసేయ్', 'పిల్లా', 'మహారాణీ' అని పెట్టాను. 'ఒసేయ్' బాగా కుదిరింది. మా వీధిలో స్నేహితురాళ్ళు పిలుచుకునే పిలుపే అది. అందులో ప్రేమ ఉంటుంది, అవసరమైతే కోపమూ ఉంటుంది.

నాలుగో రోజు అనుకుంటా, అమ్మ దీపం వత్తులు చేసుకుంటూ తెర వైపు చూసింది.

"ఎవురు మ్మా ఈ పిల్లోళ్ళు? మొగానికి ఆ రంగులేంది?"

కథ చెప్పాను. అమ్మ వత్తి చేత్తో పట్టుకుని విన్నది.

"సచ్చిపోయిన పిల్లోనికి అమ్మ లేదా?"

మైఖేల్ వాళ్ళమ్మ ఎల్కే సినిమాలో చాలాచోట్ల ఉంటుంది. కొడుకు ఎంత పాడైపోయినా ఆమెకు ముద్దే. ఏంజెల్ ఇంటివాళ్ళకు సినిమాలో అంత చోటు లేదు. నిజానికి ఏంజెల్ కనపడకుండా పోయినప్పుడు అతని తోడబుట్టినవాడు ఊరంతా వెతికాడు. ఏప్రిల్‌లో స్టేటన్ ఐలాండ్ ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం ఏంజెల్‌దేనని తేలడానికి నవంబరు దాకా పట్టింది. ఇదంతా నేను విడిగా చదివి తెలుసుకున్నది. అమ్మకి చెప్తే "అన్ని నెలలా" అని ఊరుకుంది.

అమ్మ ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పక్కింట్లో ఒకామె ఉండేది. ఫ్యాక్షన్ గొడవల్లో భర్తను పోగొట్టుకుని, ఊరు వదిలి పిల్లలతో కర్నూలు వచ్చింది. అప్పట్లో కేబుల్ టీవీలో ఎప్పుడూ సీమ ఫ్యాక్షన్ సినిమాలే. సుమోలు లేస్తాయి, కత్తులు లేస్తాయి, హీరో తొడగొడతాడు. మేమంతా కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. ఆమె మాత్రం మేడ మీద మిరపకాయలు ఎండేసినాను, తీసుకొస్తా అని లేచిపోయేది. ఎండ ఇంకా దిగి ఉండేది కాదు. మిరపకాయలు తీసే వేళా కాదు. అమ్మ ఒకరోజు టీవీ కట్టేసి, మా మీద అరిచి, ఆమె వెనకే మెట్లెక్కింది. ఆమె భర్త పేరు ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. చంపించినవాడి పేరు మాత్రం అందరికీ తెలుసు. మా ఊరంటే బయటివాళ్ళకి ఇప్పటికీ కొండారెడ్డి బురుజూ, 'ఒక్కడు'లో విలనూ గుర్తొస్తారు. ఆ సినిమా కూడా 2003లోనే వచ్చింది. సినిమా మీద నాకు కోపం లేదు, బురుజు ముందు నేనూ ఫోటో దిగాను. కానీ ఈ ఫైల్ చేస్తున్నన్ని రోజులూ ఆమె మిరపకాయల చేట పట్టుకుని మెట్లు ఎక్కుతూనే ఉంది నా కళ్ళముందు.

ఇక ఆ మాట.

మైఖేల్ హత్య చేసిన తర్వాత నోరు మూసుకుని ఉండలేదు. కనబడినవాళ్ళకు చెప్పుకుంటూ తిరిగాడు. ఎవరూ నమ్మలేదు. ఎప్పుడూ ఏదో ఒక వేషం వేసి జనాన్ని అదరగొట్టేవాడు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఈ ఘట్టం తెలుగులో ఎలా రాయాలి? నేను 'చంపేశా' అని రాశాను. సరిచూసే ఆవిడ కొట్టేసి 'హత్య చేశాను' అని మార్చి పంపింది. ఇది సీరియస్ సినిమా, ఆ మాట తేలికగా ఉంది అని రాసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'హత్య చేశాను' అని ఎవరూ అనరు. అది పేపర్లో వచ్చే మాట. 'చంపాను' అంటే పోలీసు స్టేషన్లో తల దించుకుని చెప్పేది. 'చంపేశా' అన్నది మనం రోజూ అనే మాట. ఆలస్యంగా వచ్చిన స్నేహితురాలితో 'చంపేస్తా నిన్ను' అంటాం. పరీక్ష పేపరు 'చంపేసింది' అంటాం. ఆ మాట వినపడితే ఎవరూ ఉలిక్కిపడరు. మైఖేల్‌ని ఎవరూ నమ్మకపోవడానికి కారణం సరిగ్గా అదే కదా. అతను నిజం చెప్పాడు, నిజం చెప్పిన గొంతు మాత్రం రోజూ ఆటలాడే గొంతు. మధ్యలో ఆ 'ఏ' ఒక్కటి తీసేస్తే, విన్నవాళ్ళు ఎందుకు నవ్వి ఊరుకున్నారో తెలుగు ప్రేక్షకుడికి అర్థం కాదు.

ఇదంతా పొద్దున్నే మెయిల్ రాసి పంపాను. ఇంకో మాట కూడా కలిపాను. సినిమాలో మరోచోట, నవ్వులాట లేని చోట, ఇదే విషయం వచ్చినప్పుడు 'చంపాను' అనే పెడతాను, రెండింటికీ తేడా ఉండనివ్వండి అని. జవాబు రెండు రోజులు రాలేదు. గడువు ముంచుకొస్తోంది. ఒకటే టెన్షన్. ఈలోపు మిగతా పని పూర్తి చేశాను. 'కెటమిన్' అనే మత్తుమందు పేరు అలాగే ఉంచాను. అది ఆపరేషన్లకు వాడే మందని వివరించడానికి తెర మీద చోటు లేదు. పాటల మాటలు వదిలేయమన్నారు, వదిలేశాను.

చదివిన కాగితాల్లో ఇంకొకటి అడ్డం తగిలింది. 1997లో మైఖేల్ నేరం ఒప్పుకున్నాడు, 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష పడింది. కానీ అది 'మర్డర్' కింద కాదు, 'మాన్‌స్లాటర్' కింద. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే మా చిన్నాన్నను అడిగాను. "మన పాత ఐపీసీలో 304 లాంటిదమ్మా. హత్య కిందికి రాని నరహత్య అంటారు" అన్నాడు. మైఖేల్ 2014 మేలో విడుదలయ్యాడు. 2020 డిసెంబరులో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. ఈ వివరాలు సబ్‌టైటిల్స్‌కి అవసరం లేదు. తెలియకుండా రాయడం మాత్రం నాకు చేతకాలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. "మీరన్నట్టే ఉంచుదాం. నేను మా అక్కకి రెండూ చదివి వినిపించాను. చంపేశా అంటే ఆమె నవ్వింది, తర్వాత విషయం చెప్తే మొహం మారిపోయింది" అన్నది ఆవిడ. అలా మనసుపెట్టి చదివి వినిపించే మనిషి అవతల ఉండడం నా అదృష్టం.

చివరి రోజు చేసేది ఒక్కటే. పేర్లు సరిచూసుకోవడం. ఫైల్లో 'ఏంజెల్' అని వెతికాను. రెండుచోట్ల దీర్ఘం పోయి 'ఎంజెల్' అని పడింది, ఒకచోట 'ఏంజల్' అయింది. మూడూ దిద్దాను. మళ్ళీ మొదటి నుంచి వెతికి, అన్నీ ఒకేలా ఉన్నాయని చూసుకుని, రాత్రి పదకొండున్నరకి ఫైల్ పంపించాను. అమ్మ అప్పటికే పడుకుంది.

పొద్దున లేచాక కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది, "ఆ రెక్కల పిల్లోని పేరేం మ్మా?"

చెప్పాను. అమ్మ రెండుసార్లు అనుకుంది, నోటికి తిరగడానికి.