వెనక బ్రేకు పైపులు మార్చిన శనివారం

నిన్న సాయంత్రం మా వీధి మలుపులో పికప్పు ట్రక్కు బ్రేకు తొక్కితే పెడల్ ఎప్పటికంటే లోతుకి దిగిపోయింది, ఎర్ర లైటు వెలిగింది. ముందు చక్రాల బ్రేకులు పట్టాయి కాబట్టి బండి ఆగింది. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది మాస్టర్ సిలిండర్. అందులో ముందు చక్రాలకి ఒక గది, వెనక చక్రాలకి ఒక గది విడివిడిగా ఉంటాయి. ఒకవైపు ఆయిల్ మొత్తం కారిపోయినా రెండోవైపు మిగులుతుంది. ఈ ఏర్పాటు ఆలోచించిన వాళ్లెవరో గానీ వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రాత్రే టార్చి పట్టుకుని కిందికి దూరాను. పెట్రోలు ట్యాంకు పైనుంచి వెళ్లే పైపు తడిగా ఉంది. వేలితో రాస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకునే చోట మట్టీ ఉప్పూ కలిసి ఎప్పటికీ ఆరని ముద్దలా ఉండిపోతాయి. తుప్పు పైపుని ముందు తినేసేది అక్కడే. నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి పడుకున్నాను.

మాది బందరు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎలా పోతాయో చిన్నప్పట్నుంచీ చూశాను. ఈ మిషిగన్‌లో సముద్రం లేదు, అయినా ఉప్పు తప్పలేదు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకి పైగా లోతున, ఉప్పు గని ఉంది. ఆ ఉప్పు చలికాలంలో రోడ్ల మీద మంచు కరిగించడానికి వస్తుంది, అక్కణ్ణుంచి మన బళ్ల అడుగుకి చేరుతుంది. పాత పికప్పుల బ్రేకు పైపుల తుప్పు మీద రహదారి భద్రతా సంస్థ నిట్సా చాలా ఏళ్లు విచారణ చేసి, 2015 ఏప్రిల్‌లో రీకాల్ లేకుండానే, అంటే బళ్లని వెనక్కి పిలిపించి బాగుచేయమని కంపెనీకి చెప్పకుండానే, ముగించింది. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో 2007, అంతకు ముందు మోడళ్లు నడిపేవాళ్లు పైపులు చూపించుకోవాలనీ, బండి అడుగు కడుగుతూ ఉండాలనీ చెప్పింది. మంచి మాటే. కానీ మిషిగన్‌లో ఏటా బండి తనిఖీ చేయించుకోవాలన్న నియమమే లేదు. మనం వంగి చూడకపోతే ఇంకెవరూ చూడరు.

పొద్దున స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాను. కారిన ముక్క వరకు కోసి, నట్టు బిగించి పైపు చుట్టూ నొక్కిపట్టే కంప్రెషన్ జాయింటు వేస్తే అరగంటలో అయిపోతుందని పక్కన నిలబడ్డ పెద్దాయన మంచి మనసుతోనే చెప్పాడు. అది నీళ్ల పైపుకి పనికొస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కితే పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటుతుంది, అక్కడ ఆ జాయింటు పెట్టకూడదు. పైపు కొనని గరాటులా విప్పి బిగించే సరైన ఫ్లేర్ జాయింటు వేసి అతికినా నాకు ఒప్పుదల కాలేదు. కారిన చోటికీ కారని చోటికీ తుప్పు వయసు ఒకటే. కొత్త ముక్క పక్కన నిలిచేది అదే పాత పైపు. అందుకే వెనకవైపు మొత్తం మార్చాలనుకుని రాగి-నికెల్ గొట్టం చుట్ట తెచ్చాను. అందులో దాదాపు తొంభై శాతం రాగే, ఇనుములా తుప్పు పట్టదు. పైగా చేత్తోనే వంగుతుంది.

విప్పడమే అసలు పని. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక జాక్ స్టాండ్ల మీద నిలబెట్టాను. నట్టు అంచులు అరిగి పానా జారుతుంటే పైపుని నట్టు దగ్గరికంటా కోసేసి, ఆరు పలకల సాకెట్ ఎక్కించి తిప్పాను. అలా చేస్తే మొండి నట్టయినా కదులుతుంది. ఎడమ చక్రం దగ్గర గాలి బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ మాత్రం తెగిపోయింది. అక్కడ ఆ స్క్రూ ఉండే వీల్ సిలిండర్, అంటే చక్రం దగ్గర బ్రేకుని నొక్కే భాగం, మొత్తం కొత్తదే వేశాను.

కొత్త గొట్టం కోసి, లోపలి గరుకంతా తీసి, నట్టు ఎక్కించి, ఆ తర్వాతే కొన ఫ్లేర్ చేయాలి. ఈ బండికి డబుల్ ఫ్లేర్. కొనని ముందు బయటికి ఉబ్బించి, మళ్లీ లోపలికి మడిస్తే గరాటు మూతిలా రెండు పొరల అంచు వస్తుంది. అంచు ఒక పక్కకి ఒరిగినట్టు కనిపించిందా, కోసేసి మళ్లీ చేయడమే. ఆ అంచుల్ని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ పనిలో తొందర నాకు నచ్చదు.

ఛాసిస్ వెంబడి పాత దారిలోనే పైపు నడిపాను, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, ఎక్కడా రాసుకోకుండా. ఇరుసు మీది రెండు పైపులూ, మధ్యనుండే రబ్బరు గొట్టమూ కొత్తవే వేశాను.

బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి మా అమ్మాయిని పిలిచాను. లెర్నర్ పర్మిట్ వచ్చింది, ఈ ట్రక్కు మీదే నేర్చుకోబోతోంది. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరం కుడి వెనక చక్రం, అక్కడ మొదలుపెట్టాం.

"తొక్కి పట్టుకో తల్లీ. నేను చెప్పేదాకా వదలకు."

"పట్టుకున్నా నాన్నా. కిందికి పోతోంది!"

"పోవాలి. అలాగే ఉంచు... ఆఁ, స్క్రూ బిగించాను. ఇప్పుడు వదులు."

బ్లీడర్ స్క్రూకి గొట్టంతో తగిలించిన సీసాలో బుడగలు ఆగేదాకా అదే మాట, అదే పని. మధ్యమధ్యలో పైన మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ పోస్తూనే ఉన్నాం, అది తగ్గితే మళ్లీ గాలి పీలుస్తుంది. ఆయిల్‌కి సీలు విప్పని డబ్బానే వాడాను, తెరిచి ఉంచితే గాలిలో తేమ లాక్కుంటుంది. ఫెండర్ మీద, అంటే చక్రం పైన ఉండే రేకు మీద, ఒలికిన చుక్కల్ని అమ్మాయి వెంటనే నీళ్లతో కడిగింది. ఉంచితే రంగు లేచిపోతుంది.

చివర్లో తనని బలంగా తొక్కి పట్టుకోమని, ఒక్కో నట్టునీ పొడి కాగితంతో తుడిచి చూశాను. ఎక్కడా తడి లేదు. అప్పుడు తననీ కిందికి పిలిచి కొత్త పైపూ, పక్కన పడేసిన పాత ముక్కా రెండూ చూపించాను. వేలితో గీకి చూసింది, చాలా ప్రశ్నలు వేసింది. ఈ బండి నడిపేది తనే కాబట్టి కింద ఏముందో తనకి తెలిసి ఉండాలి.

వీధిలో మెల్లగా రెండు మూడుసార్లు ఆపి చూశాక, ఖాళీ పార్కింగ్‌లో గట్టిగా తొక్కాను. పెడల్ పైనే నిలిచింది, లైటు ఆరింది. ముందువైపు పైపులు కారడం లేదు గానీ రంగు మారాయి. చుట్టలో మిగిలిన గొట్టం వాటికి చాలదు. ఇంకోటి ఆర్డర్ పెట్టాను, వచ్చే శనివారం అవి మార్చాలి.