తిప్పొద్దు గురుమా

బుధవారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. మా పర్లాకిమిడి పక్కన పారే మహేంద్రతనయ నదిలో నీళ్ళు ఎర్రబడ్డాయని పాలబ్బాయి చెప్పాడు.

నేను బడికి వెళ్ళేసరికి వరండా నిండా తడిసిన చెప్పులు, గొడుగులు. లైబ్రరీ గదిలో ఈశాన్యం మూల కారుతోంది. అక్కడ బకెట్ పెట్టి, చాప ఇవతలికి లాగి, తాడు మీది పుస్తకాలు ఒక్కొక్కటీ తడిమి చూశాను. ఏదీ తడవలేదు. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

మా లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా, ఒక చాప, గోడ పొడుగునా కట్టిన నైలాన్ తాడు. తాడుకి బట్టల క్లిప్పులతో బొమ్మల పుస్తకాలు వేలాడుతుంటాయి. అట్ట మీది బొమ్మ బయటికి కనిపించాలి. చదవడం ఇంకా రాని పిల్లలకి బీరువాలో నిలబెట్టిన పుస్తకాలు వరసగా పేర్చిన చెక్కముక్కల్లాగే ఉంటాయి. పులి కనిపిస్తే పులి పుస్తకం తీసుకుంటారు, రైలు కనిపిస్తే రైలు పుస్తకం.

రెండేళ్ళ కిందటి వరకు ఇవన్నీ బీరువాలోనే ఉండేవి. తాళంచెవి నా దగ్గరే ఉండేది. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలి, లెక్కలో తగ్గితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఐదో తరగతి పూర్తి చేసి, ఆ పుస్తకాలు ఒక్కసారైనా ముట్టుకోకుండా హైస్కూలుకి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న రథయాత్రలో ఎదురుపడి, "బాగున్నారా గురుమా" అని నవ్వుతూ పలకరించింది. ఒడియాలో టీచరమ్మని గురుమా అంటారు. నాకు గొంతు పెగల్లేదు. ఆ పిల్లకి ఆరేళ్ళున్నప్పుడు చదివి వినిపించాల్సినవి ఇప్పుడు వినిపించలేను కదా.

ఇవాళ భోజనాలయ్యాక ఒకటి, రెండు తరగతులు కలిపి వచ్చారు. 26 మంది. గుడ్డు పెట్టిన రోజు, అందరూ హుషారుగా ఉన్నారు. సగం మంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, మిగిలినవాళ్ళు ఒడియా. నలుగురు గుమ్మా వైపు కొండల నుంచి వచ్చి చుట్టాల ఇళ్ళలో ఉండి చదువుకుంటున్న సవర గిరిజన పిల్లలు. బడిలో చదువు ఒడియాలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు కలిసింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. మా ఇళ్ళలో మాట మాత్రం మారలేదు. అందుకే కథకి కూర్చున్నప్పుడు నేను ఒక వాక్యం ఒడియాలో చదివి, అదే తెలుగులో చెబుతాను. కొన్ని పుస్తకాలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ చాలా భాషల్లో దొరుకుతుంది, ప్రింటు తీసుకోవచ్చు కూడా. పోయిన వారం ఒకే కథని రెండు లిపుల్లో పక్కపక్కన వేలాడదీశాను. రెండో తరగతి పిల్ల ఒకతె చాలాసేపు రెండూ మార్చి మార్చి చూసి, "ఒడియా అక్షరాలు గొడుగు వేసుకున్నాయి, తెలుగు అక్షరాలకి గురుమా టిక్కు పెట్టింది" అంది. తలకట్టుని నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీత గీస్తే ఆకు చీలిపోతుంది, అందుకే ఒడియా రాత గుండ్రంగా తిరిగిందంటారు. ఆ సంగతి చెబుదామనుకునే లోపల తను వెళ్ళి ఇంకో పుస్తకం దింపేసింది.

ఇవాళ్టి కథ ఒక ముసలమ్మది. వంకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి బయల్దేరుతుంది, దారిలో వాన పట్టుకుంటుంది. 16 పేజీలు, పేజీకి ఒకటో రెండో వాక్యాలు. బయట వాన పడుతోంది కాబట్టి అదే తీశాను. నేను కుర్చీలో కూర్చోను, చాప మీదే కూర్చుంటాను. పుస్తకాన్ని భుజం పక్కన, వాళ్ళ కళ్ళకి ఎదురుగా పట్టుకుంటాను. చెయ్యి లాగేస్తుంది. ఒళ్ళో పెట్టుకుని చదివి, తర్వాత తిప్పి బొమ్మ చూపిస్తే హాయిగానే ఉంటుంది గానీ అప్పటికి మాట ఒక చోట, బొమ్మ ఒక చోట అయిపోతాయి. వింటున్నప్పుడే చూడాలి.

మూడో పేజీ చదివేసి తిప్పబోతుంటే ముందు వరసలో ముక్కు కారుతున్న బుడ్డోడు మోకాళ్ళ మీద లేచి, "తిప్పొద్దు గురుమా! అది ఇంకా ఎక్కలేదు!" అని అరిచాడు.

ఏది ఎక్కలేదో నాకు అర్థం కాలేదు. వాడు వచ్చి వేలు పెట్టి చూపించాడు. ముసలమ్మ గొడుగు కర్ర మీద, ఆవిడ పిడికిలికి కొంచెం కింద, బఠాణీ గింజంత నత్త. రెండు కొమ్ములు చాచి పైకి పాకుతోంది.

ఈ పుస్తకం నేను ఇరవై సార్లు చదివి ఉంటాను. ఆ నత్తని ఎప్పుడూ చూడలేదు. కథలో ఎక్కడా నత్త మాట లేదు. నా కళ్ళు ఎంతసేపూ అక్షరాల మీదే, అవి అయిపోగానే పేజీ తిప్పేస్తాను. వాళ్ళకి అక్షరాలు ఇంకా రావు కాబట్టి పేజీ అంతా చూస్తున్నారు.

వెనక్కి వెళ్ళాం. రెండో పేజీలో అది గుమ్మం పక్కన ఉంది. మొదటి పేజీలో వంకాయ మొక్క ఆకు కింద. అట్ట మీద కూడా ఉంది, బుట్ట అంచున, నేను ధరల స్టిక్కరేమో అనుకున్న గోధుమరంగు చుక్క అదే. ఆ బొమ్మలు వేసినావిడ తన కథ ఒకటి మాటలకి చెప్పకుండా పక్కన నడుపుతోంది. అప్పటి నుంచి ముసలమ్మని ఎవరూ పట్టించుకోలేదు. 26 మందీ నా మీద పడి నత్త కోసం వెతకడమే. ఇంతలో పేరు దగ్గర గొడవ వచ్చింది. మావాళ్ళు నత్త అంటే ఒడియా పిల్లలు గెండా అన్నారు. నువ్వా నేనా అనుకుంటుంటే వెనక గోడకి ఆనుకుని కూర్చున్న సవర పిల్లాడు మెల్లగా ఇంకో మాట అన్నాడు. నాకు తెలియని మాట. రెండుసార్లు చెప్పించుకుని పలికాను. తప్పు పలికానట, తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పాడు. మూడోసారి పిల్లలందరూ నాతో పాటు పలికారు.

ఇది గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. కొండల నుంచి వచ్చే సవరల మాట విని, నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం సవరలో వాచకాలు రాసిన మనిషి. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలుగు భాషా దినోత్సవానికి ఏటా ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ పిల్లాడు నా బడిలో చేరి ఏడాది దాటింది, నేను వాడి దగ్గర నేర్చుకున్న మొదటి మాట ఇవాళ్టిది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు సవరలో కూడా బొమ్మల పుస్తకాలు వేశారు, ఒడియా లిపిలో. మా తాడు మీద ఒక్కటీ లేదు. ఈ నెలలో ఎలాగైనా తెప్పించాలి.

ఐదో పేజీలో ఉండగానే గంట కొట్టారు. కథ సగం కూడా కాలేదు. ఇదివరకైతే గబగబా చదివి ముగించేదాన్ని. "రేపు ఇక్కడి నుంచే" అని పుస్తకం మూయబోతుంటే ఇద్దరు చెరో వైపు లాగారు. మధ్య కాగితం పిన్ను దగ్గర ఊడి, కింద మూల చిరిగింది. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ఏమీ అనలేదు. ఇంటికి తెచ్చాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. తుప్పు పట్టిన పిన్నులు చాకు మొనతో లేపి తీసేశాను. వానాకాలం ఈ పిన్నుల తుప్పే కాగితాన్ని తినేస్తుంది. అవే చిల్లుల్లోంచి తెల్ల దారంతో కుట్టి, ముడి లోపలి వైపు వేశాను. చిరుగుకి పల్చటి కాగితం మైదా జిగురుతో అంటించాను. టేపు వెయ్యను, ఏడాదిలో పసుపుపచ్చగా మారి పక్క పేజీని కూడా పట్టుకుంటుంది. బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. నేను కలపను. మా పిల్లలు పేజీ తిప్పే ముందు వేలు నోట్లో పెట్టుకుంటారు.

అమ్మ మంచినీళ్ళకి లేచి వచ్చి నా భుజం మీదుగా చూసింది. కళ్ళజోడు లేదు. పుస్తకం కొంచెం దూరంగా పెట్టి చూసి, "ఈ ముసల్దాని నెత్తి మీద చుట్టకుదురేదే? ఉత్త తల మీద అంత బుట్ట ఎలా మోస్తుంది?" అంది.

నిజమే, లేదు. ఒక్క పేజీలోనూ లేదు. అమ్మ చిన్నప్పుడు అమ్మమ్మతో సంతకి వెళ్ళేది, పాత చీర ముక్కని చుట్టి తలకీ బుట్టకీ మధ్య పెట్టుకునేవారట. నీళ్ళు తాగడం మర్చిపోయి, తన తువ్వాలుని చుట్టకుదురు చుట్టి చూపించింది. అది విప్పకుండా అలాగే నా సంచిలో పెట్టాను.

పుస్తకం మీద బరువుకి కందిపప్పు డబ్బా పెట్టాను. వాన ఇంకా పడుతూనే ఉంది, జిగురు ఆరడానికి రేపు మధ్యాహ్నం అవుతుందేమో.