బోరు నీళ్ల లెక్కలు, నంపై డీటైప్

నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల బోరు నీళ్ల పరీక్ష ఫలితాలతో పనిచేసేవారికి దశాంశ బిందువు తరువాతి అంకె ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. ఆ రెండు హద్దుల మధ్య ఉన్నది అర మిల్లీగ్రామే. ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకర్లు పోయినవారిని, నడుము వంగిపోయినవారిని చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, ఆ అర మిల్లీగ్రామును మింగేసే కోడును చిన్న విషయంగా వదిలేయడానికి నాకు మనసు ఒప్పదు. పైథాన్ భాషలో సంఖ్యల లెక్కలకు వాడే లైబ్రరీ నంపై. అందులో 1.9 అనే విలువ పూర్ణ సంఖ్యల అర్రేలో, అంటే ఒకే రకం విలువల వరుసలో, పడితే 1 అవుతుంది. తాగకూడని నీరు కాగితం మీద మంచి నీరైపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు.

ఇది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ఫలితాలు నింపడానికి ముందుగా ఖాళీ అర్రే ఒకటి తయారుచేసుకోవడం అందరికీ అలవాటే. జీరోస్ ఫంక్షనుతో చేస్తే అది మామూలుగా ఫ్లోట్64, అంటే 64 బిట్ల దశాంశ సంఖ్యల, అర్రేను ఇస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే పనిని ఫుల్ ఫంక్షనుతో, నింపవలసిన విలువగా 0 ఇచ్చి చేస్తే, ఆ సున్నా పూర్ణ సంఖ్య కాబట్టి అర్రే మొత్తం పూర్ణ సంఖ్యలదే అవుతుంది. 0 బదులు 0.0 అని రాసి ఉంటే సరిపోయేది. ఆ తరువాత ఒక్కొక్క గడిలో 0.8, 1.9, 2.3 అని రాసుకుంటూ పోతే లోపల నిలిచేవి 0, 1, 2 మాత్రమే. నంపై ఇక్కడ విలువను దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించదు, బిందువు తరువాతి భాగాన్ని కోసేస్తుంది. అదే గడిలో నాన్, అంటే విలువ లేదని చెప్పే గుర్తు, పెట్టబోతే మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంటే లేని విలువను పట్టుకుంటుంది కానీ తగ్గిన విలువను పట్టుకోదు. అందుకే ఏ అర్రే చేతికి వచ్చినా లెక్క మొదలుపెట్టే ముందు దాని డీటైప్, అంటే అందులోని విలువల రకం, ఏమిటో అడగాలని నా దగ్గర నేర్చుకునే పిల్లలకు పదేపదే చెబుతుంటాను.

అయితే ఆ అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. ఎక్కువమంది రాసేది, అర్రే డీటైపును నేరుగా ఇంట్64 (64 బిట్ల పూర్ణ సంఖ్యల రకం)తోనో ఫ్లోట్64తోనో సమానమా కాదా అని పోల్చే వరుస. పేరును పోల్చడం అన్నిచోట్లా పనిచేయదు. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చే వరకు, విండోస్ కంప్యూటర్లలో పూర్ణ సంఖ్యల అర్రే మామూలుగా ఇంట్32గా తయారయ్యేది, 64 బిట్ల లినక్స్‌లో ఇంట్64గా తయారయ్యేది. ఒకే కోడు, ఒకే ఫైలు, రెండు చోట్ల రెండు జవాబులు. పాత వెర్షన్లు ఇంకా నడుస్తున్న కాలేజీ ల్యాబుల్లో ఈ తేడా ఈ రోజుకీ ఎదురవుతుంది. ఫ్లోట్32 అర్రేను ఫ్లోట్64తో పోల్చినా కాదనే జవాబే వస్తుంది, కానీ మనం తెలుసుకోవాలనుకున్నది అందులో దశాంశాలు నిలుస్తాయా అన్నదే తప్ప ఒక్కో సంఖ్యకు ఎన్ని బిట్లు ఉన్నాయని కాదు. బైట్ల వరుస తిరగబడి ఉన్న ఫైలు నుంచి చదివిన అర్రే విషయంలోనూ ఇంతే: విలువలన్నీ సరిగ్గా ఉన్నా, పేరు పోలిక విఫలమవుతుంది.

కాబట్టి అడగవలసింది డీటైప్ ఏ కుటుంబానికి చెందినదని. దీనికి తేలికైన దారి డీటైపులో ఉండే కైండ్ అనే గుణం. అది ఒక్క ఇంగ్లీషు అక్షరంతో జవాబు చెబుతుంది. చిన్న ఐ అంటే ధన, రుణ విలువలు రెండూ పట్టే పూర్ణ సంఖ్యలు, చిన్న యు అంటే రుణ విలువలకు చోటు లేని పూర్ణ సంఖ్యలు, ఎఫ్ అంటే దశాంశ సంఖ్యలు, సి అంటే సంకీర్ణ సంఖ్యలు, బి అంటే అవును–కాదు విలువలు. పెద్ద ఓ అంటే ఏదైనా పట్టే ఆబ్జెక్టు, పెద్ద ఎం అంటే తేదీ, చిన్న ఎం అంటే కాలవ్యవధి. ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన చోటు ఒకటుంది. చిన్న యు సంఖ్యలకు గుర్తయితే, పెద్ద యు యూనికోడ్ అక్షరాలకు గుర్తు. కైండును చిన్న అక్షరంలోకి మార్చి పోల్చే కోడు ఊళ్ల పేర్లను కూడా సంఖ్యలుగా లెక్కకడుతుంది.

రెండో దారి ఇస్‌సబ్‌డీటైప్ ఫంక్షను. నంపైలో రకాలన్నీ వంశవృక్షంలా అమరి ఉంటాయి: నంబర్ కింద ఇంటిజర్ (పూర్ణ సంఖ్యలు), ఇనెగ్జాక్ట్; ఇనెగ్జాక్ట్ కింద ఫ్లోటింగ్ (దశాంశ సంఖ్యలు), కాంప్లెక్స్‌ఫ్లోటింగ్. ఒక డీటైపు ఫ్లోటింగ్ కొమ్మకు చెందుతుందా అని అడిగితే 16, 32, 64 బిట్లు ఏవైనా అవుననే చెబుతుంది. దశాంశాలు కావలసిన ప్రతి ఫంక్షను మొదట్లో ఈ ఒక్క ప్రశ్న ఉండాలన్నది నా అభిప్రాయం.

ఈ వృక్షంలోనూ ఆశ్చర్యపరిచే కొమ్మలున్నాయి. ఏయే బోర్లలో ఫ్లోరైడు 1.5 దాటిందో అడిగితే వచ్చే అవును–కాదు అర్రే నంబర్ కిందికి రాదు. దాన్ని కూడితే ఎన్ని బోర్లో తెలుస్తుంది కానీ, అలాంటి రెండు అర్రేలను ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేయబోతే నంపై ఒప్పుకోదు. దీనికి ఎదురుగా, రెండు నమూనాల తేదీల మధ్య కాలవ్యవధిని నంపై ఇంటిజర్ కొమ్మలోనే ఉంచింది కాబట్టి ఇస్‌సబ్‌డీటైప్ దాన్ని సంఖ్యేనని అంటుంది. పట్టికలతో పనిచేసే లైబ్రరీ పాండాస్‌లోని ఇస్ న్యూమరిక్ డీటైప్ ఫంక్షను ఈ రెండింటికీ సరిగ్గా తలకిందుల జవాబు ఇస్తుంది: అవును–కాదు విలువలను సంఖ్యలంటుంది, కాలవ్యవధిని కాదంటుంది. రెండు లైబ్రరీలనూ ఒకే ప్రోగ్రాములో వాడేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. నంపై 2.0లో కొత్తగా చేరిన ఇస్‌డీటైప్ ఫంక్షను న్యూమరిక్ అన్న మాటకు ఈ రెండింటినీ బయటే ఉంచుతుంది. నాకు అదే సబబుగా తోస్తుంది.

నీళ్ల పరీక్ష పట్టికల్లో అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బీడీఎల్ అన్న మూడక్షరాల గుర్తు. పరికరం గుర్తించగలిగిన స్థాయి కంటే విలువ తక్కువగా ఉన్నదని దాని అర్థం. సంఖ్యల మధ్య ఆ గుర్తు ఒక్కటి ఉన్న జాబితాతో అర్రే తయారుచేస్తే, నంపై సంఖ్యలన్నిటినీ కూడా అక్షరాలుగా మార్చేస్తుంది. అప్పుడు తెర మీద అంకెలే కనబడతాయి కానీ కైండ్ అడిగితే పెద్ద యు వస్తుంది. అటువంటి అర్రేను క్రమంలో పెట్టమంటే నిఘంటువులో పదాల్లాగా పెడుతుంది: కరిగిన లవణాల వరుసలో 1450 ముందు వచ్చి 980 చివరికి పోతుంది, ఎందుకంటే 1 అనే అక్షరం 9 కంటే ముందుది. అన్నిటికంటే ఉప్పనైన బోరు ఏదని చివరి విలువను తీసుకుంటే జవాబు తప్పుతుంది.

సంఖ్యే అని తేలిన తరువాత కూడా ఆ రకంలో విలువ పడుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. మట్టం ఎప్పుడూ రుణాత్మకం కాదు కదా అని రుణ విలువలకు చోటు లేని 16 బిట్ల రకమైన యూఇంట్16 ఎంచుకున్నామనుకుందాం. మట్టం 590 నుంచి 585కు దిగినప్పుడు డిఫ్ ఫంక్షను ఆ తేడాను మైనస్ 5 అని కాకుండా 65531 అని చూపుతుంది. వరద ప్రవాహం లక్ష క్యూసెక్కులు ఉన్న అర్రేను ఆస్‌టైప్‌తో ఇంట్16లోకి మారిస్తే మైనస్ 31072 వస్తుంది, ఎందుకంటే ఆ రకం పట్టగలిగే గరిష్ఠ విలువ 32767. ఐఇన్ఫో ఫంక్షను ఏ పూర్ణ సంఖ్య రకానికైనా ఈ హద్దులను చెబుతుంది కాబట్టి, మార్చే ముందు దాన్ని అడగడం మంచిది.

బీడీఎల్ దగ్గరికి వస్తే, పాండాస్‌లోని టు న్యూమరిక్ ఫంక్షనుకు కోయర్స్ అని చెప్పి దాన్ని నాన్‌గా మార్చేయడం చాలామంది చేసే పని. వరుస వెంటనే ఫ్లోట్64 అవుతుంది, కోడు నడుస్తుంది. కానీ పరీక్షించి దాదాపు ఏమీ లేదని తేలిన బోరూ, అసలు పరీక్షే జరగని బోరూ అప్పుడు ఒకటైపోతాయి. నేను మార్చే ముందే బీడీఎల్ ఉన్న గడులకు వేరే అవును–కాదు వరుస ఒకటి తీసి పక్కన పెట్టి, ఆ తరువాతే సంఖ్యల వరుసను ఫ్లోట్64 చేస్తాను. ఆ రెండు వరుసలనూ రెండు అర్రేలుగా నంపై సొంత ఎన్‌పీవై ఫైళ్లలో దాస్తాను. విలువల మధ్య కామాలు పెట్టి రాసే సీఎస్‌వీ ఫైలులో రకం ఎక్కడా నమోదు కాదు, తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రాము మళ్లీ ఊహించుకోవలసిందే. ఎన్‌పీవై ఫైలు మొదట్లో డీటైప్ రాసి ఉంటుంది కాబట్టి, దేవరకొండలో తెరిచినా మహబూబ్‌నగర్‌లో తెరిచినా 1.9 అనేది 1.9గానే వస్తుంది.